పానగల్లు పేజీ చూపించండి, చందా కడతాను

యాత్రల పత్రికకు చందా కట్టాలనుకునేవాళ్లు అందులోని స్విట్జర్లాండ్ వ్యాసాన్ని పక్కన పెట్టాలి. మనం అక్కడికి వెళ్లలేదు. రాసినాయన మంచుకొండ వెనక ఇంకో మంచుకొండ ఉందంటే తలాడిస్తాం, లేదన్నా తలాడిస్తాం. పత్రిక సంగతి తేలాలంటే అది మన ఊరి చుట్టుపక్కల ఏమి చూసిందో చదవాలి. నేనుండేది నల్లగొండ. ఏ పత్రిక చేతికొచ్చినా నేను మొదట వెతికేది పానగల్లు, తర్వాత సాగర్, ఆ తర్వాత పాలమూరు, అంటే మహబూబ్‌నగర్, వైపు పిల్లలమర్రి, అలంపూర్. వీటిలో ఒక్కటీ దొరకకపోతే హంపీ, బీదర్ దాకా వెళ్తాను. అంతకన్నా దూరం వెళ్లి ఒకరిని పరీక్షించే అర్హత నాకు లేదు.

హైదరాబాదులో కొత్తగా ఉద్యోగంలో చేరిన మా మేనకోడలికి ఊళ్లు తిరగాలన్న తపన పట్టుకుంది. "మామయ్యా, మంచి పత్రిక ఒకటి చెప్పు, చందా కట్టేస్తాను. అట్టలన్నీ ఒకేలా ఉన్నాయి" అంది. ఫోనులో చూసే వీడియోలు చాలవా అని అడిగాను. "అవి చూస్తే వెళ్లాలనిపిస్తుంది కానీ, వెళ్లాక ఏమి చూడాలో తెలియడం లేదు" అంది. పత్రికల అవసరం ఇంకా ఎందుకుందో ఆ పిల్ల ఒక్క ముక్కలో చెప్పేసింది. ఆమెకు ఫోనులో చెప్పి ముగించలేకపోయిన జవాబు ఇది.

ముందు పానగల్లు. నల్లగొండ పట్టణాన్ని ఆనుకున్నట్టే ఉంటుంది, ఆటోలో వెళ్లి రావచ్చు. అక్కడి ఛాయా సోమేశ్వరాలయం కందూరు చోళుల కాలం నాటి త్రికూటాలయం: మధ్యలో మండపం, మూడు వైపులా మూడు గర్భగుళ్లు. పడమటి గర్భగుడిలో శివలింగం వెనక గోడ మీద స్తంభపు నీడ పగలంతా నిలిచి ఉంటుంది. బయట సూర్యుడు ఎంత కదిలినా లోపల నీడ కదలదు. దీని మీద వచ్చిన వ్యాసాల్లో చాలావాటికి శీర్షిక చూస్తే చాలు, లోపలి సంగతి తెలిసిపోతుంది. 'అంతుచిక్కని నీడ', 'విజ్ఞానానికి సవాలు'. ఎండ ఆ గర్భగుడిలోకి నేరుగా పడదు, మండపం పక్కల నుంచి స్తంభాల మధ్యగా చెదిరి లోపలికి చేరుతుంది. చెదిరిన వెలుగుకు సూర్యుడు ఏ మూల ఉన్నాడన్న పట్టింపు అంతగా ఉండదు కనుక నీడ ఉన్నచోటే ఉంటుంది. దీనికి ప్రయోగశాల అక్కరలేదు. మండపంలో పావుగంట కూర్చుని వెలుగు ఏ దిక్కు నుంచి వస్తోందో చూస్తే చాలు. ఆ పావుగంట కూర్చోని మనిషి రాసిన వ్యాసమని రెండో పేరాకే తెలిసిపోతుంది. విడ్డూరం ఏమిటంటే, కారణం తెలిశాక ఆ గుడి కట్టినవాళ్ల మీద గౌరవం పెరుగుతుందే కానీ తరగదు. రహస్యం అనేసి ఊరుకుంటే ఆ గౌరవం శిల్పికి కాక గాలికి పోతుంది.

అదే పానగల్లులో పచ్చల సోమేశ్వరాలయం ఉంది. గోడల మీద రామాయణ, భారత ఘట్టాలు నల్లరాతిలో వరుసగా సాగుతాయి. ఆవరణలోనే మ్యూజియం. నీడ చూసి సెల్ఫీ తీసుకుని తిరుగు ఆటో ఎక్కేసేవాళ్లలో దీనిని చూడకుండా పోయేవాళ్లే ఎక్కువ. వాళ్లను తప్పుపట్టలేం, వాళ్లు చదివిన వ్యాసంలో ఇది లేదు. పక్కనే ఉదయ సముద్రం. పాతకాలపు చెరువు, ఇప్పుడు కృష్ణా నీటిని నిలవచేసి తాగడానికి అందించే జలాశయం. ఫ్లోరైడ్ నీటితో ఎముకలు వంకరపోయిన జిల్లా ఇది. ఇక్కడికి కృష్ణా నీరు రావడమంటే ఏమిటో తెలిసిన విలేఖరి ఆ కట్ట మీద నిలబడితే నీడ గురించి ఒక పేరా, నీళ్ల గురించి నాలుగు పేరాలు రాస్తాడు. అలా రాసిన పత్రిక కనిపిస్తే ధర చూడకుండా తీసుకోండి.

సాగర్ విషయానికి వస్తే అక్కడ పరీక్ష అక్షరాలకు కాదు, ఫొటోకు. నాగార్జునసాగర్ మీద వ్యాసమంటే ఇరవై ఆరు గేట్లూ ఎత్తి నురగలు కక్కుతున్న డ్యామ్ బొమ్మ రెండు పేజీల నిండా ఉండవలసిందే. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన కట్టడం, 1967లో కాలువలకు నీళ్లు వదిలిన కట్టడం, చూడదగినదే. కానీ గేట్లు ఎత్తేది ఎగువ నుంచి వరద వచ్చినప్పుడు, శ్రీశైలం నిండి కిందికి వదిలినప్పుడు. సాధారణంగా ఆగస్టుకూ అక్టోబరుకూ మధ్య కొద్ది రోజులు. వరద రాని ఏడాది అదీ ఉండదు. ఆ బొమ్మ చూసి క్రిస్మస్ సెలవులకు పిల్లలను వేసుకుని వచ్చే కుటుంబానికి దర్శనమిచ్చేది బూడిదరంగు గోడ. బొమ్మ కింద 'వరద కాలంలో' అని ఒక్క మాట వేస్తే సరిపోయేది. ఆ ఒక్క మాట వేసే అలవాటు ఉన్న పత్రిక చాలా విషయాల్లో నిజాయితీగా ఉంటుంది. వేయని పత్రిక కశ్మీరు తులిప్ తోటకూ ఇదే చేస్తుంది, అక్కడ మనకు తెలియదు, అంతే.

సరిహద్దు తగాదా ఇంకొకటి. ఎత్తిపోతల జలపాతం సాగర్ డ్యామ్‌కు దగ్గరే, కానీ అది ఆంధ్రప్రదేశ్‌లోని పల్నాడు జిల్లాలోది. నాగార్జునకొండ ద్వీపం మీది మ్యూజియం కూడా ఆ రాష్ట్రం లెక్కలోకే వస్తుంది. 2014 తర్వాత కూడా వీటన్నిటినీ కలిపి 'తెలంగాణ అందాలు' అంటూ ఒకే మూట కడుతున్న వ్యాసాలు వస్తూనే ఉన్నాయి. ఎవరి రాష్ట్రం అన్న రోషంతో అనడం లేదు. లాంచీ ఏ ఒడ్డు నుంచి ఎక్కాలి, టికెట్టు ఎవరు ఇస్తారు, గాలి ఎక్కువగా ఉన్న రోజు ఎవరికి ఫోను చేసి కనుక్కోవాలి అన్నవి ఈ ఒక్క సంగతి మీదే ఆధారపడతాయి. ఇంకో చిన్న ముక్క: పురావస్తు శాఖ వారి మ్యూజియంలకు శుక్రవారం సెలవు. శుక్రవారం లాంచీ ఎక్కి ద్వీపం దాకా వెళ్లి తాళం చూసి వచ్చినవాళ్లను అడిగితే ఈ ముక్క విలువ చెబుతారు.

ఇవన్నీ చాదస్తపు వివరాలని కొట్టిపారేసేవాళ్లకు ఏనుగుల వీరాస్వామయ్యను చూపిస్తాను. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా, అంటే మాటలు అనువదించి చెప్పేవాడిగా, పనిచేసినాయన, 1830లో కాశీకి బయలుదేరాడు. కృష్ణ దాటి వనపర్తి, జడ్చర్ల మీదుగా హైదరాబాదు చేరాడు. అంటే మన పాలమూరు గుండానే వెళ్లాడు. ఆయన రాసుకున్న వివరాలు 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చయ్యాయి. ప్రతి మజిలీ దగ్గరా ఆయన చూసేది దిగడానికి చోటుందా, నీళ్లున్నాయా, అంగళ్లలో సరుకులు దొరుకుతాయా, ముందు బాట ఎలా ఉంది అన్నది. తర్వాత వచ్చే యాత్రికుడికి ఉపయోగపడాలన్న చింత ఆ రాతలో మొదటి నుంచీ ఉంది. రెండు వందల ఏళ్లకు దగ్గర పడుతున్నా చదివించేది కూడా ఆ చింతే. ఆయన దగ్గర కెమెరా లేదు. అద్దంలా మెరిసే కాగితం లేదు. జడ్చర్లలో ఆగితే జడ్చర్లను చూశాడు. ఇప్పటి పత్రికలకు జడ్చర్ల అంటే హైవే మీద టీ తాగే చోటు.

చేతిపనుల మీద రాసేటప్పుడు పత్రికల బండారం ఇంకా త్వరగా బయటపడుతుంది. భూదాన్ పోచంపల్లికి 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ నుంచి ఉత్తమ పర్యాటక గ్రామంగా గుర్తింపు వచ్చాక అందరూ ఆ దారి పట్టారు. వినోబా భావే భూదానోద్యమం, 1951 ఏప్రిల్ 18, వెదిరె రామచంద్రారెడ్డి ఇచ్చిన వంద ఎకరాలు: ఈ భాగం ఎవరు రాసినా ఒకటే, ఫలకం మీద ఉన్నదే. తర్వాత మగ్గం ముందు కూర్చున్న ముసలాయన ఫొటో, రంగుల దారాల ఫొటో, 'తరతరాల కళ' అన్న మాట. అయిపోయింది. కానీ మగ్గానికి ముందు జరిగే పని ఒకటుంది, ఆసు పోయడం. పేక దారాన్ని, అంటే అడ్డంగా నేసే దారాన్ని, కట్టి రంగు అద్దే ముందు, అర్ధచంద్రాకారపు చట్రానికి ఉన్న మేకుల చుట్టూ ఒక్కో పోగునూ చేత్తో అటూ ఇటూ తిప్పాలి. ఒక చీరకు ఆ చేయి దాదాపు 9,000 సార్లు కదలాలి. రోజుకు రెండు చీరలకు ఆసు పోస్తే ఎంతో లెక్క వేసుకోండి. ఈ పని చేసేది ఇంటి ఆడవాళ్లు. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి భుజం నొప్పి చూడలేక దీనికి యంత్రం కనిపెట్టారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. పోచంపల్లి వ్యాసంలో ఆసు ప్రస్తావన ఉందా లేదా అన్నది నాకు గీటురాయి. ఉంటే, రాసిన మనిషి దుకాణం దాటి ఇంటి వెనక భాగంలోకి వెళ్లి ఒకామెతో మాట్లాడారన్నమాట.

ఇంత చెప్పినా ఒక అభ్యంతరం మిగులుతుంది, అదీ న్యాయమైనదే. "నేను పత్రిక కొనేది పోవడానికి కాదు, కలలు కనడానికి" అంటారు నా స్నేహితుల్లో కొందరు. ఐస్‌లాండ్‌కు ఈ జన్మలో వెళ్లలేను, బొమ్మలన్నా చూడనివ్వవయ్యా అని. సరే, చూడండి. కానీ నేషనల్ జియోగ్రాఫిక్‌కు అంత పేరు తెచ్చినవి కంటికింపైన బొమ్మలు ఒక్కటే కావు. 1888లో ఒక భౌగోళిక సంఘపు పత్రికగా మొదలై, చూసినదాన్ని కొలిచి, అడిగి, సరిచూసుకుని వేసే అలవాటు దానికి పునాది. కల కూడా నిజమైన చోటు గురించిందైతేనే రుచి. లేకపోతే గోడకు తగిలించే క్యాలెండర్ చాలదా, చందా ఎందుకు?

ఇక ఎవరి డబ్బుతో తిరిగారన్నది. ఇది నేను మొహమాటం లేకుండా చూస్తాను. వ్యాసం మొదటి పేరా హోటల్ గదిలో మొదలై, రెండో పేరా అల్పాహారం బల్ల దగ్గర నడిచి, ఊరు మూడో పేజీలో కనిపిస్తే ఆ ప్రయాణానికి ఎవరు ఖర్చు పెట్టారో వేరే చెప్పనక్కరలేదు. అమెరికాలో 1987లో కాండే నాస్ట్ ట్రావెలర్ అనే యాత్రల పత్రిక మొదలైనప్పుడు ఉచిత ప్రయాణాలూ ఉచిత బసలూ తీసుకోబోమని చెప్పుకుని, అదే తమ గుర్తుగా ప్రచారం చేసుకుంది. పత్రిక నడపడం ఖర్చుతో కూడిన పని, ఆతిథ్యం తీసుకుంటే తీసుకోనీ. చివర చిన్న అక్షరాల్లోనైనా ఆ మాట వేయాలి. పర్యాటక శాఖ ప్రకటన పది పేజీలు, ఆ పక్కనే అదే ఊరి మీద పొగడ్త వ్యాసం, ఎక్కడా ఆ రెంటి చుట్టరికం గురించి మాట లేదు: అలాంటి సంచిక చేతికొస్తే నేను దానిని బరువు చూసి పాతకాగితాల వాడికి వేస్తాను. బాగా లేని చోటును బాగా లేదని పత్రిక ఏడాదిలో ఒక్కసారైనా రాసిందా? నాకు ఇది చాలా ముఖ్యం. అన్ని ఊళ్లూ 'తప్పక చూడవలసినవే' అయితే ఎంచిపెట్టే మనిషికి మనం డబ్బు ఇవ్వడమెందుకు.

పిల్లలమర్రి సంగతి చూడండి. మహబూబ్‌నగర్ పట్టణానికి దగ్గరే, మూడెకరాల దాకా పరచుకున్న మర్రి. వయసు ఏడు వందల ఏళ్లంటారు. దాని కింద చాప పరిచి భోజనాలు చేసిన తరం మాది. 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ విరిగి పడ్డాక సందర్శకులను ఆపేశారు. చెదపురుగు తొలిచిన మానుకు 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి మందెక్కించారు. కొమ్మల బరువు ఆపడానికి ఆసరాలు కట్టారు, ఊడలను పైపుల్లోంచి నేలకు దించారు. ఆ చెట్టును ఆసుపత్రిలో ఉన్న పెద్దాయనను చూసినట్టు చూడాలి. ఆ తర్వాత కూడా 'చల్లని నీడలో పిక్నిక్' అని పాత ముక్కనే మళ్లీ వేసిన వ్యాసం కనిపించిందంటే, ఆ పత్రిక రచయితను ఊరికి పంపలేదు, పాత ఫైలు దుమ్ము దులిపింది. 2016లో పాత పాలమూరు జిల్లా ముక్కలై వనపర్తి, నాగర్‌కర్నూల్, జోగుళాంబ గద్వాల ఏర్పడ్డాయి, 2019లో నారాయణపేట వచ్చింది. అలంపూర్‌ను ఇంకా మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉంచిన వ్యాసాన్ని నమ్మి ఏ ఆఫీసుకు ఫోను చేస్తారు?

నల్లమల దారి గురించీ ఒక మాట. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా శ్రీశైలం దారి మూసేస్తారు, పులుల అడవి కనుక. హైదరాబాదులో సాయంత్రం బయలుదేరి 'వెన్నెల్లో నల్లమల ప్రయాణం' చేయమన్న వ్యాసకర్త ఆ గేటు ముందు తెల్లవార్లూ కారులో కూర్చుని ఉండడు కదా. అక్కడి మల్లెల తీర్థం జలపాతం వేసవిలో సన్నటి ధార అవుతుందనీ, కిందికి దిగిన మెట్లన్నీ మళ్లీ ఎక్కవలసి ఉంటుందనీ కూడా చెప్పాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు అది వార్త.

మంచి వ్యాసం ఎలా ఉంటుందని అడిగితే అలంపూర్ మీద రాసి చూపించమంటాను. నవబ్రహ్మ ఆలయాలంటే బ్రహ్మ గుళ్లనుకుని రాసేవాళ్లు ఉన్నారు. తొమ్మిదీ శివాలయాలే. బాల, కుమార, అర్క, వీర, విశ్వ, తారక, గరుడ, స్వర్గ, పద్మ అని పేర్లు. బాదామి చాళుక్యుల కాలంలో, ఏడో శతాబ్దం నుంచి తుంగభద్ర ఒడ్డున లేచినవి. ఉత్తరాది పద్ధతి శిఖరాలతో ఉన్న ఈ వరుసలో తారక బ్రహ్మ ఒక్కటే తీరు మారి దక్షిణాది పోలికతో కనిపిస్తుంది. ఆ తేడాను కంటితో పట్టుకుని, ఎందుకై ఉంటుందని ఆగి ఆలోచించిన రచయిత దొరికితే అతని పేరు గుర్తుపెట్టుకోవాలి. స్వర్గ బ్రహ్మ గోడ ముందు ఎక్కువసేపు నిలబడాలి. మిగతావి తీరుబడిని బట్టి. శ్రీశైలం జలాశయంలో మునిగిపోకుండా కూడలి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి ఇక్కడికి తెచ్చి కట్టారు. నీరు ఊరి మీదికి రాకుండా నది వైపు గోడ లేపారు. గుళ్లలోంచి నది కనిపించాలని ఆశపడి వచ్చినవాళ్లకు ముందుగా చెప్పవలసిన మాట ఇది. ఏప్రిల్ మధ్యాహ్నం ఆ రాతి పరుపు మీద చెప్పుల్లేకుండా నాలుగడుగులు వేస్తే శిల్పం గిల్పం గుర్తుండవు, నీడ కోసం పరుగెత్తడమే. ఉదయం ఎనిమిదికల్లా అక్కడ ఉండండి అన్న ఒక్క వాక్యం నాకు పేరా వర్ణన కంటే ఎక్కువ.

తెలుగులో ఇలాంటి రాత దొరకదా అంటే, దొరుకుతుంది, ఎక్కువగా ఆదివారం అనుబంధాల్లో చెల్లాచెదురుగా. ఇంగ్లిషులో అచ్చు పత్రికలు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. లోన్లీ ప్లానెట్ బ్రిటన్ పత్రిక 2020లో ఆగింది. నేషనల్ జియోగ్రాఫిక్ 2023లో మిగిలిన స్టాఫ్ రచయితలను పంపించివేసింది, ఆ తర్వాత అమెరికాలో దుకాణాల్లో అమ్మడమూ మానేసింది. కాబట్టి చక్రాల సంచి ఉచితమని చూపించే మూడేళ్ల చందా జోలికి వెళ్లవద్దు. నాకు తెలిసిన ఒకాయనకు పత్రిక మధ్యలోనే ఆగిపోయింది, సంచి మాత్రం ఇంకా వాడుతున్నాడు. ఏడాదికి కట్టండి, అంతే. దానికంటే ముందు జిల్లా కేంద్ర గ్రంథాలయానికి వెళ్లి, వచ్చే పత్రికల పాత సంచికలు తిరగేయండి. ఆస్తిపన్నుతో పాటు రూపాయికి ఎనిమిది పైసల గ్రంథాలయ పన్ను మనం కడుతూనే ఉన్నాం. కొత్త సంచిక ఎవరినైనా మోసం చేస్తుంది. ఏడాది కిందటి సంచిక మళ్లీ చదవబుద్ధి అయిందంటే అది నిలిచే సరుకు.

చివరిగా నేను చేసే పని ఒకటుంది. తప్పు కనిపిస్తే ఉత్తరం రాస్తాను. ఎత్తిపోతలను నల్లగొండ జిల్లాలో పెట్టిన ఒక పెద్ద పత్రికకు, సరిదిద్దమని మర్యాదగానే రాశాను. జవాబుగా చందా మీద రాయితీ ప్రకటన వచ్చింది. అదే తప్పు చేసిన ఇంకో పత్రికకూ రాశాను. పక్క నెల సంచికలో, ఉత్తరాల పేజీ అడుగున రెండు వరుసల సవరణ వేశారు. లాంచీ ఏ ఒడ్డు నుంచి బయలుదేరుతుందో కూడా కనుక్కుని చేర్చారు, అది నేను అడగలేదు. ఆ పత్రిక కాగితం నాసిరకం, బొమ్మలు మసక, తపాలాలో తరచు ఆలస్యం. నేను చందా కట్టింది దానికే.